వీపు లేని సైన్యం

కాకతీయ సైన్యాన్ని ఓడించినవాళ్ళు చరిత్రలో ఉన్నారు. కానీ యుద్ధం మొదలవకముందే, శత్రువు ఇంకా గడప దగ్గర ఉండగానే, ఆ సైన్యం మొత్తాన్నీ వెనకనుంచి సర్వనాశనం చేసినవాణ్ణి నేనొక్కణ్ణే. అదీ వరంగల్లులో కాదు, జూబ్లీహిల్స్‌లో ఒక మేడ మీద గదిలో, ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక. చదివేవాళ్ళు హాయిగా నవ్వుకోవచ్చు. నా పెళ్ళి దాని మీద ఆధారపడి ఉంది కాబట్టి ఆ రోజు నాకు మాత్రం నవ్వు రాలేదు.

నేను సినిమా సెట్లకు రంగులు వేస్తాను. అప్పుడూ అదే పని, ఇప్పుడూ అదే పని. మాది భీమవరం దగ్గర. హైదరాబాద్ వచ్చి యూసుఫ్‌గూడలో ఒక గది కిరాయికి తీసుకుని, యాదగిరి అనే మేస్త్రి దగ్గర చేరాను. బ్రష్ చేతికిచ్చిన మొదటి రోజే ఆయన నాకు ఉపదేశం చేశాడు.

"కెమెరా ఏ దిక్కు చూస్తదో గా దిక్కే రంగు. ఎన్క దిక్కు రంగు కొడితే డబ్బా దండగ, నీ చెయ్యి దండగ. ఇది మతిల పెట్టుకో."

పెట్టుకున్నాను. మరీ లోపలికి పెట్టుకున్నాను. మేం కట్టిన కోటలకు ముందువైపు నుంచి వస్తే నల్లరాతి గోడలు, బురుజులు, తోరణాలు. వెనక్కి వెళితే ప్లైవుడ్, సర్వీ కర్రలు, వంగిన మేకులు, బిర్యానీ తిని ఆ నీడలో పడుకున్న లైట్‌మన్. అది మాకు తప్పుగా తోచదు. పని తెలిసినవాడు ఎక్కడ ఆపాలో తెలిసినవాడని మా వాళ్ళ లెక్క.

ఇక మానస సంగతి. ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ థియేటర్లో సౌండ్ ఇంజినీరు. మేమిద్దరం పెళ్ళి చేసుకోవాలనుకున్నాం. మా ఇంట్లో ఒప్పుకున్నారు, వాళ్ళమ్మగారూ ఒప్పుకున్నారు. మిగిలింది వాళ్ళ నాన్నగారు, నర్సింగరావుగారు. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజినీరుగా చేసి రిటైరయ్యారు. మనిషి మాట తక్కువ, చూపు ఎక్కువ. మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మా సంభాషణ ఇలా నడిచింది.

"ఏం పని చేస్తవ్?"

"సినిమా సెట్లకు పెయింటింగ్ అండీ."

"షూటింగ్ అయినంక గా సెట్ ఏమైతది?"

"పడగొట్టేస్తారండీ."

"నేను కట్టించిన తూముల కాడ ఇయ్యాలటికి నీళ్ళు పారుతున్నయి."

"మంచిదండీ" అన్నాను. ఆ తర్వాత ఆయన ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటేనే బాగుండేది.

గేటు దాకా సాగనంపడానికి వచ్చిన మానస అంది, "నాన్నకు ఒక్కటే పిచ్చి. దాని దిక్కుకెల్లి పోవాలె. రేపు పైన గదికి రా, చూపిస్త."

ఆ గదిలో ఒక పింగ్‌పాంగ్ బల్ల. దాని మీద ఆకుపచ్చ గుడ్డ, థర్మకోల్ కొండలు, అద్దం ముక్కతో చెరువు. వాటి మధ్య బొటనవేలంత సైనికులు. నర్సింగరావుగారూ, మధురానగర్‌లో ఉండే ఆయన స్నేహితుడు మూర్తిగారూ నెలకోసారి ఆ బల్ల మీద యుద్ధం చేస్తారు. టేపు పెట్టి కొలిచి సైనికుల్ని ముందుకు జరపాలి, పాచికలు వేసి ఎవరు చచ్చారో ఎవరు బతికారో తేల్చాలి. రావుగారిది కాకతీయుల పక్షం, మూర్తిగారిది ఢిల్లీ సుల్తాను పక్షం. మూర్తిగారు రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్, ఓపికమంతుడు. తన గుర్రాలకూ విలుకాళ్ళకూ తనే ముచ్చటగా రంగులు వేసుకున్నారు. రావుగారికి చెయ్యి కొంచెం వణుకుతుంది. అందుకని కాకతీయ వీరులంతా దుకాణం నుంచి వచ్చిన బూడిదరంగు లోహంతోనే నిలబడి ఉన్నారు. ప్రతి ఆటకూ మూర్తిగారు ఒకటే మాట అంటారట. "ఏమండీ రావుగారూ, మీవాళ్ళు ఇంకా బట్టలు కట్టుకోలేదా?"

ఆ మాటకు రావుగారు చాలా ఏళ్ళుగా లోపల కుమిలిపోతున్నారు. మానస తండ్రి ముందు నిలబడి చెప్పింది.

"సుధీర్ వేస్తడు నాన్న. కోటలకే రంగులు వేసెటోడు, గివి ఎంత?"

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశారు. "మనిషేందో పనిల తెలుస్తది. వచ్చే ఆట వరకు తయారు చెయ్యి. పని చూసినంక మీ ముచ్చట మాట్లాడుకుందాం."

సైనికుల్ని సర్దిన పెట్టెను రెండు చేతులా అందుకున్నాను. ఆ పెట్టెలో ఉన్నది సైన్యం కాదు, నా కాపురం. ఆటలో ఎవరు ఎటువైపు కూర్చుంటారు అన్న ఒక్క ప్రశ్న అప్పుడు అడిగి ఉంటే ఈ కథే లేదు. అడగలేదు.

నెల రోజులూ షూటింగు నుంచి వచ్చీ రాగానే అదే పని. ముందు అందరికీ ఒళ్ళంతా అడుగుపూతగా తెల్ల ప్రైమర్ కొట్టాను. ఒక్కొక్కణ్ణీ సీసా మూతకు అంటించి, మూత పట్టుకుని, ఊపిరి బిగబట్టి, వెంట్రుకంత కుంచెతో మొదలుపెట్టాను. తలపాగాలకు మంకెన ఎరుపు, తోలు కవచాలకు గోధుమరంగు, దాని మీద నీళ్ళలా పల్చగా కలిపిన నలుపు పోస్తే ముడతల్లోకి దిగి నిజం తోలులాగే తేలింది. డాళ్ళ మీద పూలు వేశాను. పళ్ళు కుట్టుకునే పుల్ల కొనతో కళ్ళు పెట్టాను. ఒకడికి మా యాదగిరి మేస్త్రి మీసం పెట్టాను. ఒకణ్ణి చూస్తే ఇంట్లో పెళ్ళాంతో పోట్లాడి యుద్ధానికి వచ్చినట్టు ఉండేవాడు. ఏనుగు నుదుటి మీద వేసిన ముగ్గు చూసి నన్ను నేనే మెచ్చుకున్నాను.

వీపు దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి దానంతటదే ఆగిపోయింది. ఇది బద్ధకం కాదని పాఠకులు దయచేసి గమనించాలి. ఇది క్రమశిక్షణ. ముఖం, ఛాతీ, చేతులు, కాళ్ళ ముందు భాగం, పక్కలు కొద్దిగా. అక్కడితో కుంచె కడిగి పక్కన పెట్టి, ఇంకొకణ్ణి తీసుకునేవాణ్ణి. అయినవాళ్ళందర్నీ నా వైపు ముఖాలు పెట్టి అరలో నిలబెట్టుకుని మురిసిపోయాను. ఫోనులో ఫోటోలు తీసి మానసకు పంపాను. అవీ ముందునుంచే. ఫోటో తీసేవాడు వెనక్కి ఎందుకు వెళతాడు?

"మీసాలోడు మస్తున్నడు" అని జవాబు వచ్చింది.

ఆటరోజు పొద్దున్నే సైన్యాన్ని కోడిగుడ్ల అట్టల్లో పడుకోబెట్టి ఆటోలో జూబ్లీహిల్స్ చేర్చాను. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా ఒడిలో పసిపిల్లవాణ్ణి పట్టుకున్నట్టు పట్టుకున్నాను. గది బయటే రావుగారు ఎదురయ్యారు.

"ఇప్పుడే చూడ. మూర్తిగారు వచ్చినంక ఇద్దరం ఒక్కపారే చూస్తం. ఆయనకు నెల సంది చెప్పుకుంటొస్తున్న, నాకొక ఆర్టిస్టు దొరికిండని. నువ్వు పేర్చి గుడ్డ కప్పు. మనోళ్ళు కిటికీ దిక్కు, మొకాలు తలుపు దిక్కు."

తలుపు వైపు ముఖాలు. నాకు ఇంకేం కావాలి. వచ్చేవాళ్ళు తలుపులోంచే వస్తారు, కెమెరా తలుపు దగ్గరే ఉన్నట్టు. సెట్ పేర్చినంత శ్రద్ధగా పేర్చాను. ఈటెలన్నీ ఒకే వంపు, ఏనుగులు మధ్యలో, మేస్త్రి మీసం మొదటి వరసలో.

మూర్తిగారు వచ్చారు. ఇద్దరూ తలుపు దగ్గర నిలబడ్డారు. నేను గుడ్డ తీశాను.

మూర్తిగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. "రావుగారూ, వీళ్ళు బట్టలు కట్టుకోవడమే కాదండీ, పెళ్ళికొడుకుల్లా ఉన్నారు" అన్నారు.

రావుగారు నా దగ్గరికి వచ్చారు. నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి అక్కడ ఉన్నంతసేపూ నాకు సగం పెళ్ళి అయిపోయినట్టే అనిపించింది. తర్వాత ఆయన ఆ చెయ్యి తీసి, బల్ల చుట్టూ తిరిగి, కిటికీ దగ్గర ఉన్న తన కుర్చీ వైపు నడిచారు.

సేనాపతి తన సైన్యానికి వెనకే కూర్చుంటాడు. ఆట సాగినంతసేపూ ఆయనకు కనిపించేవి తనవాళ్ళ వీపులే. ఈ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకు మాత్రం ఆయన కుర్చీ వెనక్కి లాగిన చప్పుడు వినబడ్డాక తెలిసింది.

ఆయన కూర్చున్నారు. చూశారు. అక్కడ కాకతీయ సైన్యం లేదు. మెడనుంచి మడమ దాకా సున్నం కొట్టిన మనుషుల గుంపు ఉంది. ఏనుగు పిరుదులు కొత్తగా వెల్లవేసిన పంచాయతీ ఆఫీసులా ఉన్నాయి. నేను ఆయన పక్కకు చేరాను, కాళ్ళు తీసుకెళ్ళాయి కాబట్టి.

"ఏంది ఇది?" పెదవులు కదలకుండా అడిగారు.

"అదీ... కెమెరా వైపు మాత్రమే వేస్తామండీ మేం."

"కెమెరా యాడుందిర గీడ?"

చుట్టూ చూశాను. నిజంగానే ఆ గదిలో కెమెరా లేదు.

"ఏమైందండీ రావుగారూ?" అవతలినుంచి మూర్తిగారు.

"ఏం లేదు. మంచి గడియ చూస్తున్న" అన్నారు రావుగారు. ఆయన ముఖంలో అప్పుడు కనిపించింది కోపం కాదు, భయం. నెల రోజులుగా స్నేహితుడి దగ్గర గొప్పలు చెప్పుకున్నారు. ఇప్పుడు ఒక్క సైనికుడు వెనక్కి తిరిగినా ఆ గొప్పంతా సున్నమే. ఆయన పరువు తీసింది నేను. నాకు చాలా సిగ్గేసింది.

ఆట మొదలైంది. మూర్తిగారి గుర్రాలు దూసుకొచ్చి మా ఎడమవైపు దళాన్ని తాకాయి. పాచికలు మాకు చెడ్డగా పడ్డాయి. ఆ ఆటలో పద్ధతి ఏమిటంటే, పాచిక అలా పడితే దళం ధైర్యం చెడి వెనక్కి తిరిగి జానెడు దూరం పరుగెత్తాలి. తర్వాత కూడగట్టుకుని మళ్ళీ రావచ్చు. ఎవరూ చావనక్కర్లేదు. రావుగారి చెయ్యి ఆ దళం మీదికి వెళ్ళి గాలిలో ఆగింది. తిప్పితే వీపులు మూర్తిగారి వైపుకు వస్తాయి. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, దళం మొత్తాన్నీ గుప్పిట్లోకి ఊడ్చి లాల్చీ జేబులో వేసుకున్నారు.

"సచ్చిన్రు."

"చావడమేంటండీ? రూలు ప్రకారం పారిపోతే చాలు."

"నాకెరుకే. మావోళ్ళు ఉరకరు."

"పారిపోతే బతుకుతారు కదండీ."

"గట్ల బతుకుడెందుకు?"

మూర్తిగారు అదోలా చూసి తలాడించారు. ఆయనకు తెలిసిన రావుగారు అంతవరకూ మహా జాగ్రత్తపరుడు. చినుకు పడితే సైన్యాన్ని ఇంటికి తీసుకుపోయే రకం.

నాకు వేరే పని పడింది. మూర్తిగారు టేపు పట్టుకుని పక్కకు వంగినప్పుడల్లా వీపులు ఆయన కంట పడే ప్రమాదం. అందుకని ఆయన వంగగానే నేను అడ్డం వెళ్ళి ఏదో ఒకటి అడిగేవాణ్ణి.

"ఈ గుర్రం ఏ దేశందండీ?"

"అరబ్బు గుర్రం బాబూ. అప్పట్లో ఓడల మీద తెచ్చేవారు" అంటూ ఆయన నిటారుగా నిలబడి చెప్పేవారు. లెక్చరరు కదా, వంగి పాఠం చెప్పలేరు. ఆ అలవాటు నన్ను చాలాసార్లు కాపాడింది. గుర్రాల గురించి, విల్లుల గురించి, చివరికి ఒంటె ఎన్ని రోజులు నీళ్ళు తాగదన్న దాని గురించి కూడా అడిగాను. బల్ల మీద ఒంటె లేదు.

మానస టీ ఫ్లాస్కు, ఉస్మానియా బిస్కెట్లు తీసుకుని వచ్చి, బల్ల చుట్టూ తిరిగి కిటికీ వైపు చేరింది. సైన్యాన్ని వెనకనుంచి చూసి ఆగిపోయింది.

"ఏం చేసినవ్?" నా చెవిలో అడిగింది.

"మా పని పద్ధతి."

"మా నాన్న పక్కకు నిలబడి పద్ధతి అంటున్నవా?" అంటూనే ఫ్లాస్కునూ బిస్కెట్ల పళ్ళేన్నీ సరిగ్గా సైన్యం పక్కన, మూర్తిగారి చూపుకు అడ్డంగా పెట్టింది.

"అమ్మాయ్, అక్కడ ఫ్లాస్కు ఏంటమ్మా, మా గుర్రాలు అటు వెళ్ళాలి" అన్నారు మూర్తిగారు.

"అది కోట బురుజు. అటు తొవ్వ లేదు" అన్నారు రావుగారు. తండ్రీ కూతుళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

మధ్యాహ్నం అయ్యేసరికి రావుగారి లాల్చీ జేబు శవాలతో నిండి ఒక పక్కకు వేలాడుతోంది. పాచిక చెడిన ప్రతి దళాన్నీ ఆయన చేజేతులా చంపుకున్నారు. అంతవరకూ ఆడిన ఏ ఆటలోనూ అంత ఘోరంగా ఓడిపోలేదట. మూర్తిగారికేమో గెలుస్తున్న ఆనందం లేదు. నిలబడి చస్తున్న ఆ వీరుల ముఖాలు చూసి ఆయన మనసు కరిగిపోతోంది. చివరికి టేపు పక్కన పెట్టి నా వైపు తిరిగారు.

"నీది ఏ ఊరు బాబూ?"

"భీమవరం దగ్గరండీ."

"మన వైపే. పెళ్ళయిందా?"

"లేదండీ."

"మా అక్కయ్య మనవరాలు ఉంది. చదువుకుంది, బ్యాంకులో ఉద్యోగం. ఇంత ఓర్పుగా, ఇంత సంపూర్ణంగా పనిచేసే కుర్రాడు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడు? మీ నాన్నగారి నంబరు ఇస్తే రేపే మాట్లాడతాను. మా సైన్యానికి కూడా మళ్ళీ నీ చేతే వేయించుకుంటాను."

సంపూర్ణంగా అన్న మాటకు నేను ఫ్లాస్కును ఇంకొంచెం అడ్డంగా జరిపాను. మానస చేతిలో ఉన్న కప్పును సాసరు మీద టక్కుమని పెట్టింది. రావుగారు గుప్పిట్లో ఉన్న చచ్చిన సైనికుణ్ణి ఒకసారి చూశారు. ముందు వాడి వీపు చూశారు. తర్వాత తిప్పి ముఖం చూశారు.

"గాయన మా అల్లుడు. బయట పనులు చెయ్యడు" అన్నారు.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరికీ కనపడకుండా ఉండాలని ఒంటె గురించి ఇంకో ప్రశ్న అడగబోయి మానుకున్నాను.

చివరికి ఏనుగు మీద సేనాపతి ఒక్కడే మిగిలాడు, తర్వాత వాడూ పోయాడు. పాపం రావుగారు అల్లుడు దొరికిన సంబరంలో ఏనుగును జేబులో వేసుకోవడం మరిచిపోయారు. మూర్తిగారు చెయ్యి చాచి దాన్ని ఎత్తుకున్నారు. "ఒక్కసారి దగ్గరగా చూడనివ్వండి" అని వెలుతురు కోసం కిటికీ వైపు తిప్పారు. తిప్పారు, ఆగిపోయారు. వెల్లవేసిన పంచాయతీ ఆఫీసు ఆయన ముక్కు ముందు ఉంది.

"రావుగారూ, దీనికి వెనక రంగు లేదండీ."

"లేదు."

"మరిచిపోయారా?"

"మరువలే. నేనే వద్దన్న" అన్నారు రావుగారు, కనురెప్ప వాల్చకుండా. "ఉరకనోనికి వీపు మీద రంగెందుకు?"

మూర్తిగారు ఆ ఏనుగును ముందూ వెనకా తిప్పి చూశారు. జేబులో చచ్చిపడున్న సైన్యం వైపు కూడా చూశారు. మొత్తం అర్థమైందో, కొంచెమే అర్థమైందో ఇప్పటికీ మాకు తెలియదు.

"మీరు ఓడిపోయారు కదండీ" అన్నారు మెల్లగా.

"ఓడినం. ఉరకలే."

మూర్తిగారు ఏనుగును జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, ముఖం తనవైపు తిప్పుకుని, దానికి నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

ఇక మిగిలింది మేమే. రావుగారు జేబులోని శవాలన్నీ బల్ల మీద కుమ్మరించారు.

"ఇందాక అన్న మాట కోపంలో అన్నారేమో, నేను ఏమీ అనుకోనండీ" అన్నాను. అనకపోతే బాగుండదని అన్నాను. నిజానికి ఆయన అవును అంటే నేను అక్కడే కూలబడేవాణ్ణి.

"కోపంల అనలే. మూర్తిగారు గుంజుకపోతరేమో అని భయమైంది. మొకాలు అంత మంచిగ వేసినోనివి, నీకు వీపులు వెయ్యరాదా? వేస్తవ్. నా మాట మాటనే. అయితే ఒక్క వీపు మిగిలినా పెండ్లి మూర్తం పెట్ట."

ఆ వీపులన్నీ ఆ గదిలోనే వేశాను. ఆయన నా వెనకే కుర్చీ వేసుకుని కూర్చునేవారు. మొదట్లో తప్పులు పట్టడానికి కూర్చున్నారు, తర్వాత కబుర్లు చెప్పడానికి కూర్చున్నారు. తూములు, కాల్వలు, తన చేతి వణుకు, అన్నీ చెప్పారు. మా పెళ్ళిచూపులు నిజంగా అప్పుడు జరిగాయి, ఆయనకూ నాకూ మధ్య. చివరి వీపు ఆరిన రోజున పంతులుగారికి ఫోన్ చేశారు.

పెళ్ళికి ముందు వారం మళ్ళీ ఆట పెట్టారు. ఈసారి మా సైన్యం ముందూ వెనకా మెరిసిపోతోంది. మొదటి పాచిక పడింది, మాకు మంచిగానే పడింది. అయినా రావుగారు మొదటి దళాన్ని వెనక్కి తిప్పి జానెడు పరుగెత్తించారు. తర్వాత రెండో దళాన్ని. తర్వాత ఏనుగుల్ని. మూర్తిగారు బాణం వెయ్యకముందే కాకతీయ సామ్రాజ్యం మొత్తం కిటికీ వైపు పరుగు తీసింది.

"రావుగారూ, నేనింకా ఏమీ చెయ్యలేదండీ. ఎందుకు పారిపోతున్నారు?"

"పారిపోతలేం. వీపులు చూడుండ్రి. మా అల్లుడు వేసిండు."

ఆ రోజు మేం మధ్యాహ్నం భోజనానికి ముందే ఓడిపోయాం. ఈ కారణాల చేత, మా మామగారి సమక్షంలో, స్థిరచిత్తంతో, ఎవరి బలవంతమూ లేకుండా నేను ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా చేతికి వచ్చిన ఏ సైనికుణ్ణీ సగం రంగుతో యుద్ధానికి పంపను. వీపు, డాలు లోపలి భాగం, గుర్రం పొట్ట, ఏనుగు తోక కింద, అన్నీ వేస్తాను. వేశాక మాత్రం ఆట అయ్యేదాకా మా మామగారిని ఒక్క వీపూ ఎవరికీ చూపించనివ్వను.